ఆహారం గురించిన మాట: నిగ్గు తేల్చుట ఎట్లు?

గత సంవత్సరం మన పత్రికలో నాలుగు పంక్తుల చిన్న వార్త ఒకటి వేసియుంటిమి. మగ్గం పని ముగించిన తరువాత బెల్లంముక్క తిన్నచో రొమ్ములో చేరిన దూది దుమ్ము కొట్టుకొనిపోవునని దాని సారాంశం. పెద్దలు చెప్పగా విన్నమాటే. పేజీ అడుగున కొంచెం చోటు మిగిలినది, వేసితిమి.

కొన్ని దినముల తరువాత, మన కుటుంబాలలోనే పుట్టి పెరిగి నేడు చెన్నైలో నర్సుగా పనిచేయుచున్న ఒక సోదరి వద్దనుండి ఉత్తరం వచ్చినది. అందులో మూడే ప్రశ్నలు. "ఈ మాట మీకు ఎవరు చెప్పినారు? వారికి ఎట్లు తెలిసినది? మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఉన్నది. మీ పత్రిక చూచి నెలరోజులుగా రెండు పూటలా బెల్లం తింటున్నారు. దీనికి జవాబుదారీ ఎవరు?"

మొదటి రెండు ప్రశ్నలకు మావద్ద జవాబు లేకపోయినది. మూడవదానికి ఉన్నది: జవాబుదారీ మేమే. కావున ముందుగా ఆ తప్పు దిద్దుకొని, తరువాతనే అసలు విషయానికి వచ్చెదము.

నోట వేసుకొన్నది అన్నవాహిక గుండా కడుపులోనికి పోవును. దుమ్ము ముక్కు గుండా, గాలిగొట్టం గుండా ఊపిరితిత్తులలోనికి పోవును. ఈ దారులు రెండూ వేరు. కడుపులోనికి దిగిన బెల్లం ఊపిరితిత్తులను కడుగజాలదు. అంతేకాక చక్కెర వ్యాధి ఉన్నవారికి బెల్లమైనా పంచదారయైనా ఒక్కటే. రెండూ రక్తంలో చక్కెరను పెంచునవే. దుమ్ముకు విరుగుడు దుమ్మును లోనికి పోనీయకుండుటయే: మగ్గపు గదికి గాలి వచ్చు కిటికీ, చీపురుతో ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడుచుట, నూలు చుట్టునపుడు ముక్కుకు గుడ్డ. సెలవు తరువాత పనిలో దిగిన మొదటి దినమే రొమ్ము బిగబట్టినట్లుండి దగ్గు వచ్చుచున్నచో వైద్యునికి చూపించుకొనవలెను. ఆ ఉత్తరం వ్రాసిన సోదరికి మా కృతజ్ఞతలు.

ఆ ఉత్తరం మమ్ము ఆలోచింపజేసినది. తిండి గురించి నేడు వినవచ్చు మాటలకు లెక్కలేదు. ఫోను తీసినచో ఒకరు పాలు మానుమందురు, మరొకరు అన్నం మానుమందురు, ఇంకొకరు ఫలానా పొడి కొనుమందురు. వీనిలో ఏది నమ్మవలెను? నమ్మదగిన మాట ఎట్లు తయారగును? ఇందుకు దూరం పోనక్కరలేదు. మన తెలుగు జిల్లాలలోను, ఈ చెన్నపట్నంలోను జరిగిన పరిశోధనలే మనకు పాఠం చెప్పగలవు.

చిలప పరీక్ష

నూలు వర్తకుడు చిలపలు తెచ్చి "ఇది నూరవ నంబరు" అన్నంతమాత్రాన మన పెద్దలు నమ్మినవారు కారు. పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని తూగునో అదే నంబరు. తూచి చూచినారు, లెక్కపెట్టినారు, తరువాతనే డబ్బు ఇచ్చినారు. రంగు సంగతి మరీ జాగ్రత్త. "ఈ రంగు దిగదు" అని అద్దకంవాడు చెప్పినచో, ఒకే చిలపను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను ఉడుకునీటిలో వేసి, రెండవ ముక్కను అట్లే ఉంచి, ఎండిన తరువాత రెండింటిని పక్కపక్కన పెట్టి చూచినారు.

ఆ రెండవ ముక్క ఎందుకు? అది లేనిచో రంగు ఎంత దిగినదో చెప్పలేము. ముక్కలు రెండూ ఒకే చిలపవి ఎందుకు కావలెను? వేరు చిలపలైనచో భేదం నీటివలన వచ్చినదో, నూలువలన వచ్చినదో తెలియదు. శాస్త్రజ్ఞులు ఆహారాన్ని పరీక్షించునదీ ఇట్లే. రెండు గుంపులు అన్నివిధాల సమానంగా ఉండవలెను. ఒక్కదానిలోనే భేదం ఉండవలెను. ఈ సూత్రం గుర్తుంచుకొన్నచో తక్కినదంతా సులభం.

సర్కారు జిల్లాల బియ్యం

వందేండ్ల క్రిందట మదరాసు రాజధానిలో బెరిబెరి అను వ్యాధి ఉండెడిది. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనమై మనుష్యులు మరణించెడివారు. విచిత్రమేమనగా అది ఎక్కువగా మన ఉత్తర సర్కారు జిల్లాలలోనే కనిపించినది. తమిళ జిల్లాలలోనూ అన్నమే ప్రధానాహారం, అచ్చటనూ బీదలు ఉన్నారు. కాని బెరిబెరి అరుదు.

ఈ వ్యాధి విషయం విచారించుటకు 1918లో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరు పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో పని ప్రారంభించినాడు. అంతకుముందే, 1890 ప్రాంతాలలో, జావా ద్వీపంలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు మరపట్టిన తెల్లబియ్యం తిన్న కోళ్లు బెరిబెరి వంటి జబ్బుతో పడిపోవుననియు, తవుడు పెట్టినచో లేచి తిరుగుననియు కనిపెట్టియుండెను. కూనూరు పరిశోధనలవలన, వాని తరువాతి పనివలన మన జిల్లాల చిక్కు విడినది. తమిళ దేశంలో వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, తరువాత మరపట్టించెడివారు. అదే ఉప్పుడు బియ్యం. ఉడికించునపుడు పైపొరలోని బి1 విటమిను గింజలోనికి ఇంకును. మనవారు పచ్చిబియ్యం తినెడివారు. మర వచ్చి పైపొరను పూర్తిగా చెక్కివేసినంతనే ఆ విటమిను తవుడుతోపాటు పోయినది. మిగిలినది కడుగుటలోను, గంజి వార్చుటలోను పోయినది.

ఇందు గమనించవలసినది ఒకటి. "మన నీరు మంచిది కాదు", "గాలిలో దోషం" అని పలువురు పలువిధాల చెప్పుచుండగా, రెండు ప్రాంతాలను పోల్చుట, పక్షులకు పెట్టి చూచుట, గింజను విశ్లేషించుట అను మూడు దారులూ ఒకే చోటికి చేరినవి. పలు దారులు ఒకే చోట కలసినప్పుడే మాటకు బలం వచ్చును.

ధర పరీక్ష కాదు

మరియొక సంగతి నేతపనికి దగ్గరిది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భవతులలో, ముఖ్యంగా బట్టల మిల్లులలో పనిచేయు బీద స్త్రీలలో, కనిపించు తీవ్రమైన రక్తహీనతను పరిశీలించినది. తరువాత కూనూరులోను, మన మదరాసులోని గోషా ఆసుపత్రిలోను పనిచేసినది. నేడు ఆ ఆసుపత్రి ట్రిప్లికేనులో కస్తూర్బా గాంధీ పేరుతో నడచుచున్నది. శుద్ధిచేసిన కాలేయసారం ఆ రోగులకు పనిచేయలేదు. ఈస్టునుండి తీసిన చవకైన సారం పనిచేసినది. అందులోని పదార్థమేమో అప్పుడు తెలియదు. అదే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1945లో అమెరికాలో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టి, మదరాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచితంగా ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉన్నది అదే.

ఖరీదు ఎక్కువైనంతమాత్రాన బలం ఎక్కువ కాదని ఈ కథ చెప్పుచున్నది.

తూకం పుస్తకం

ఏ గింజలో ఏమున్నదో చెప్పుటకు తూకం పుస్తకం కావలెను. కూనూరు పరిశోధనశాల అధిపతి ఎక్రాయిడ్ 1937లో భారతీయాహారాల విలువల పట్టికను వెలువరించినాడు. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పొందినది. 1971లో గోపాలన్ గారి ఆధ్వర్యాన పట్టికలు పెంచి తిరుగవ్రాసినారు. 2017లో దేశంలోని ఆరు ప్రాంతాలనుండి నమూనాలు తెప్పించి, 528 ఆహార పదార్థాలను మరల విశ్లేషించి క్రొత్త పుస్తకం వేసినారు.

ఉన్న పుస్తకం చాలదా, మరల తూచుట ఎందుకని కొందరు అడుగవచ్చును. విత్తనాలు మారినవి, నేల మారినది, కొలత సాధనాలు మెరుగైనవి. పాత లెక్కను పట్టుకొని కూర్చొనక మరల తూచుటయే నమ్మకానికి గుర్తు. ఎన్నడూ సవరణ ఎరుగని సలహాను అనుమానించవలెను.

క్షయ, గుడ్డు, టానిక్కు

ఇక మన ఇండ్లకు బాగా తెలిసిన విషయం. ఇరుకు ఇల్లు, గాలి ఆడని గది, చాలీచాలని తిండి. ఈ మూడూ ఉన్నచోట క్షయ తిరుగుచునే యుండును. క్షయ వచ్చిన ఇంటిలో మేము తరచు వినునది ఒకే మాట: "గుడ్లు, మాంసం, పాలు, టానిక్కు లేనిదే మందు పట్టదు." ఈ మాట విని అప్పుచేసి డబ్బాలు కొన్నవారు ఉన్నారు. కొనలేక, "తిండి లేనిదే మందెందుకు" అని బిళ్లలు మానివేసినవారూ ఉన్నారు. మొదటివారికి పోయినది డబ్బు. రెండవవారికి పోయినది ప్రాణం.

ఈ మాటను పరీక్షించినది మరెక్కడో కాదు, మన మదరాసులోనే. 1956లో చేట్‌పట్టులో క్షయ చికిత్సా పరిశోధనా కేంద్రం ఏర్పడినది. భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలసి దానిని స్థాపించినవి. ఆ కాలంలో క్షయకు శానిటోరియం వాసం, పూర్తి విశ్రాంతి, బలమైన ఆహారం తప్పనిసరి అని వైద్యులే నమ్మెడివారు. కాని దేశంలో రోగులు లక్షలు, పడకలు కొన్ని వేలు.

నగరంలోని బీద పేటల రోగులు 193 మందిని తీసికొన్నారు. చీటీలు వేసినట్లు, ఎవరి ఇష్టంతోను సంబంధం లేకుండా, వారిని రెండు భాగాలు చేసినారు. ఒక భాగం శానిటోరియంలో మంచి ఆహారంతో, విశ్రాంతితో ఉన్నది. రెండవ భాగం తమ ఇండ్లలోనే, తమ గంజి తామే త్రాగుచు ఉన్నది. మందులు మాత్రం ఇద్దరికీ అవే, ఒక సంవత్సరంపాటు. ఎక్సురే పటాలు చూచి తీర్పు చెప్పినవారికి ఏ పటం ఏ గుంపువారిదో తెలియనీయలేదు. తెలిసినచో తమ నమ్మకమే కంటికి కనబడునని వారి భయం.

1959లో ఫలితాలు ప్రచురించినారు. సంవత్సరాంతాన వ్యాధి అణగినవారు శానిటోరియంలో నూటికి 92 మంది, ఇండ్లలో నూటికి 86 మంది. శానిటోరియంవారు బరువు ఎక్కువ పెరిగినారు, నిజమే. కాని వ్యాధి నయమగుటలో మాత్రం భేదం స్వల్పం. మంచి ఆహారం లేకున్నను, మందు క్రమంగా వాడినచో వ్యాధి లొంగునని తేలినది. ఇంటనుండి చికిత్స పొందినవారి కుటుంబాలలో వ్యాధి ఎక్కువగా అంటుకొనలేదని కూడా తరువాతి సంవత్సరాల పరిశీలనలో కనబడినది. నేడు లోకమంతటా క్షయకు ఇంటివద్దనే చికిత్స జరుగుటకు మన పట్నపు బీదలు చేసిన ఈ ఉపకారం ఒక ముఖ్య కారణం.

ప్రశ్న మారినచో జవాబు మారును

కథ ఇక్కడితో ముగిసినచో "క్షయకు తిండితో పనిలేదు" అనుకొనుదుము. అట్లనుకొన్నవారూ ఉన్నారు. అది తప్పు. 1956లో అడిగిన ప్రశ్న ఒక్కటే: మందు వాడుచున్న రోగికి నయమగుటకు మంచి ఆహారం తప్పనిసరియా? ఆ ఇంటిలోని తక్కినవారి సంగతి, ఎముకలగూడైన రోగి బ్రతుకు సంగతి ఆ ప్రశ్నలో లేవు.

ఆ ప్రశ్నలు ఝార్ఖండ్‌లో 2019లో ప్రారంభమైన పరిశోధనలో అడిగినారు. చెన్నైలోని సంస్థవారు కూడా ఇందులో పాలుపంచుకొన్నారు. చేట్‌పట్టు కేంద్రమే నేడు జాతీయ క్షయ పరిశోధనా సంస్థ. రోగులు 2,800 మంది, వారి ఇండ్లలోని వారు 10,345 మంది. రోగులందరికీ బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చినారు. ఇంటివారిలో మాత్రం ఒక భాగానికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమినులు ఇచ్చినారు. రెండవ భాగం తమ మామూలు తిండే తిన్నది. 2023లో వెల్లడియైన ఫలితం: అదనపు ఆహారం అందిన ఇండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గినది. చికిత్స ప్రారంభించిన రెండు నెలలలో బరువు నూటికి 5 వంతులు పెరిగిన రోగులలో మరణాలు చాల తక్కువగా కనబడినవి.

రెండు పరిశోధనలూ నిజమే, ఒకదానినొకటి కొట్టివేయవు. రోగికి ప్రాణాధారం మందు. అది ఏ కారణంచేతను మానరాదు. ఇంటిల్లిపాదికి కవచం కడుపునిండ అన్నం, పప్పు. చూడుడు: రెండవ పరిశోధనలో ఇచ్చినది కూడా బియ్యం, పప్పు, పాలపొడి, నూనెలే గాని ప్రకటనల డబ్బాలు కావు.

ఇట్టి తెలివి నేడు పథకాలలోనికి వచ్చినది. క్షయరోగుల ఆహారానికై కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. తమిళనాడులో 2022లో ప్రారంభమైన క్షయ మరణాల నివారణ పథకం క్రింద, మిక్కిలి చిక్కిపోయిన రోగులను, ఊపిరాడనివారిని, నిలువలేనివారిని మొదటనే గుర్తించి ఆసుపత్రిలో చేర్చుచున్నారు. మన ఇండ్లలో అర్హులైనవారు ఈ సాయం అడుగుటకు మొగమాటపడరాదు.

ఇకమీద మన పత్రిక నియమాలు

పై కథలనుండి నేర్చుకొని, ఆహారం గురించి ఏదైన వేయుటకు ముందు మేము ఈ క్రింది నియమాలు పాటించెదము.

ఒకటి: మాట ఎక్కడనుండి వచ్చినదో వ్రాసి ఉంచెదము. పరీక్ష ఎలుకలపై జరిగినదా, పదిమందిపై జరిగినదా, రెండు గుంపులు చేసి వేలమందిపై జరిగినదా అన్నది పాఠకులకు చెప్పెదము. ఎలుకకు మేలు చేసినది మనిషికి మేలు చేయునని ముందే చెప్పరాదు.

రెండు: వ్రాసినవారు ఒకరు, సరిచూచువారు మరొకరు. సరిచూచువారు పోషకాహార శాస్త్రమో, వైద్యమో చదివి పనిచేయుచున్నవారై ఉండవలెను. నేసినవాడే తన చీరకు నాణ్యపు ముద్ర వేసికొనరాదు గదా.

మూడు: ఆ వస్తువు అమ్ముకొనువారి మాటను వ్యాసంగా వేయము. ప్రకటనయైనచో ప్రకటన అని పైన వ్రాసెదము. పరీక్షకు సొమ్ము ఇచ్చినది ఆ వస్తువు తయారీదారే అయినచో అది కూడా చెప్పెదము.

నాలుగు: ఎవరికి, ఎంత, ఎవరికి కూడదు అన్న మూడూ లేని సలహా వేయము. చక్కెర వ్యాధివారు, మూత్రపిండాల జబ్బువారు, గర్భవతులు వేరుగా జాగ్రత్తపడవలసినవారు.

అయిదు: మందుకు బదులుగా ఆహారం అను మాట మన పత్రికలో రాదు.

ఆరు: ప్రతి వ్యాసం క్రింద తేదీ ఉండును. రెండేండ్లకొకసారి తిరిగి చదివించెదము. తప్పు తేలినచో దాచక, తప్పు వేసిన పేజీలోనే దిద్దుబాటు వేసెదము.

మీరు అడుగవలసినవి

పత్రిక ఎంత జాగ్రత్తపడినను ఫోనులో వచ్చు మాటలకు మేము కాపలా ఉండజాలము. కావున ప్రతి ఇంటిలోను మీరే ఆ నర్సు సోదరివలె అడుగవలెను. చెప్పినదెవరు? వారికి ఎట్లు తెలిసినది? దేనితో పోల్చి చూచినారు? దీనివలన ఎవరికి డబ్బు వచ్చును? "శాస్త్రజ్ఞులు చెప్పినారు" అనుట చాలదు. ఏ సంస్థ, ఏ సంవత్సరం అని అడుగుడు. "మా మామగారికి తగ్గినది" అనుట కూడ చాలదు. అది రెండవ ముక్క లేని చిలప పరీక్ష. డబ్బాపై ఆహార భద్రతా సంస్థవారి పదునాలుగు అంకెల నంబరు ఉన్నచో అమ్మువానికి అనుమతి కలదని మాత్రమే అర్థం. డబ్బాపై వ్రాసిన గొప్పలన్నీ నిజమని కాదు. ఒక్క పొడి వంద జబ్బులు పోగొట్టునని వ్రాసినచో ఆ ఒక్క మాటే దానిని నమ్మకపోవుటకు చాలును. ఇంటి వంటకు దారి చూపు పుస్తకం కావలెననువారికి హైదరాబాదు సంస్థవారు 2024లో సవరించి వెలువరించిన ఆహార మార్గదర్శకాలు ఉన్నవి. అందులో సూత్రాలు పదునేడు. కండలకై ప్రోటీను పొడులు వాడవద్దని అందులో స్పష్టంగా చెప్పినారు.

ఈ నగరంలో చింతాద్రిపేట 1734లో నేతవారికోసం కట్టిన పేట. నాటినుండి నేటివరకు మనవారు నిలిచినది చేతి నాణ్యంవలన. పోగు తెగినచో దాచిపెట్టి నేయక, అక్కడనే ఆగి ముడివేసి ముందుకు సాగుట మన పని ధర్మం. పత్రికకూ అదే ధర్మమని మా నమ్మకం. ఈ వ్యాసంలో గాని, ఇకముందు వచ్చు వ్యాసాలలో గాని పొరపాటు కనబడినచో వెంటనే వ్రాయుడు. ఆ ఉత్తరాన్ని మొదటి పేజీలో వేసెదము.

నర్సు సోదరి తండ్రిగారు బెల్లం మానివేసినారనియు, ఆసుపత్రిలో చూపించుకొని మందు క్రమంగా వాడుచున్నారనియు, మరల మగ్గం ఎక్కినారనియు తెలిసి సంతోషించితిమి.